పక్క స్థలంలో మాల్, టవర్ లేస్తున్నాయా? అపార్ట్‌మెంట్ వాళ్లు చేసుకోవాల్సిన పనులు

మా అపార్ట్‌మెంట్ కొండాపూర్‌లో ఉంది. ఐదంతస్తులు, నలభై ఫ్లాట్లు, కట్టి ఇరవై ఏళ్లు దాటింది. తూర్పు ప్రహరీకి అవతల ఇన్నాళ్లూ బండలూ సీతాఫలం తుప్పలూ ఉన్న స్థలంలో ఇప్పుడు నాలుగు సెల్లార్లు, వాటి మీద షాపింగ్ మాల్, దాని మీద ఆఫీసులు, ఆ పైన సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. అసోసియేషన్ సెక్రటరీని నేను. బ్యాంకులో లోన్ కాగితాలు చదివిన అలవాటు ఉంది కదా అని ఈ పని నా మెడకు చుట్టారు.

నానక్‌రామ్‌గూడ నుంచీ నల్లగండ్ల నుంచీ తెలిసినవాళ్లు ఫోన్ చేసి "మా పక్కన కూడా మొదలైందండీ, ఏం చేయాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. ఆ బిల్డింగును ఆపడం ఎలాగో మాత్రం నన్ను అడక్కండి. అన్ని అనుమతులూ ఉన్న భవనాన్ని పక్కవాళ్లు ఆపడం దాదాపు జరగని పని. 2006 రూల్స్‌తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే హద్దు, తీసేశారు. రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలమూ సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. ఆపుతామని ఊగిపోయి మొదటి కొన్ని నెలలు మీటింగుల్లో అరుచుకుంటే, ఆలోపు అవతల గుంత తవ్వేస్తారు.

బిల్డర్‌కు మనతో అవసరం పడేది రెండే సందర్భాల్లో. ఒకటి తవ్వకానికి ముందు. రెండోది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, అంటే కట్టిన భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రానికి ముందు. మధ్యలో మనం ఎంత గొంతు చించుకున్నా "చూస్తాం మేడమ్" అనే మాట దాటి ఏమీ రాదు. అందుకే ఈ రెండు సమయాలకూ చేతిలో కాగితాలు సిద్ధంగా ఉండాలి.

ముందు మన ఇల్లు

అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉందా? తెలంగాణలో కొన్ని సొసైటీల చట్టం కింద, కొన్ని మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటాయి. ఏదైనా ఫర్వాలేదు, ఏదో ఒకటి ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరాన్ని ఆఫీసుల్లో పక్కన పడేస్తారు. జనరల్ బాడీ పెట్టి, ఈ విషయంలో ఫలానా ముగ్గురు అసోసియేషన్ తరఫున మాట్లాడతారు, సంతకం చేస్తారు అని తీర్మానం రాసుకోండి. ముగ్గురూ వేర్వేరు వైపుల ఫ్లాట్ల వాళ్లయితే మంచిది. సైటు వైపు బెడ్‌రూమ్ ఉన్నవాళ్ల బాధ, అవతలి వైపు వాళ్లకు పట్టదు.

ఇంకో చిక్కు ఉంటుంది. మెంబర్లలో కొందరికి ఈ ప్రాజెక్టంటే లోలోపల సంతోషమే. అద్దెలు పెరుగుతాయి, ఫ్లాటు రేటు పెరుగుతుంది, రేపు మన స్థలం కూడా డెవలప్‌మెంట్‌కు అడుగుతారేమో అని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ ఆ ఆశతోనే ఎవరైనా విడిగా బిల్డర్ ఆఫీసుకు వెళ్లి కాఫీ తాగి, "మా వాళ్లకు నేను చెప్తాలెండి" అని వచ్చారంటే అందరి బేరమూ చెడుతుంది. తీర్మానంలో ఆ ముగ్గురూ తప్ప ఎవరూ మాట్లాడకూడదని రాయించండి. మినిట్స్ బుక్కులో అందరి సంతకాలూ తీసుకోండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

సైటు గేటు దగ్గర బోర్డు ఉండాలి. పర్మిట్ నంబరు, సెల్లార్లు, అంతస్తులు, ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్ వివరాలు దాని మీద ఉంటాయి. ఫోటో తీసి పెట్టుకోండి. బోర్డు లేకపోతే మీ మొదటి ఫిర్యాదు అదే.

ఆ నంబరుతో టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. అడిగే పద్ధతిలోనే అంతా ఉంది. "ప్రాజెక్టు వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే రెండు లైన్ల జవాబు వస్తుంది. "ఫలానా పర్మిట్‌కు చెందిన సైట్ ప్లాన్, అన్ని సెల్లార్ల ప్లాన్లు, ఫైర్ ఎన్‌ఓసీ షరతులు, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ బీమా పాలసీ కాపీ" అని ఒక్కోటీ పేరు పెట్టి అడగండి. చివరి దాన్ని మర్చిపోవద్దు. పక్కవాళ్ల ఆస్తికి నష్టం జరిగితే డబ్బు వచ్చే దారుల్లో అదొకటి. అందులో థర్డ్ పార్టీ లయబిలిటీ ఎంత ఉందో చూసుకోవాలి.

బిల్డర్ ఏదైనా అమ్ముతుంటే తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు ఉంటుంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది యూనిట్లు దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మాల్, ఆఫీసులు అన్నీ అద్దెకే ఇచ్చుకుని ఒక్క అడుగు కూడా అమ్మకపోతే రెరా వర్తించదు. అక్కడ పేరు కనబడలేదని వెంటనే "అక్రమ నిర్మాణం" అని అరిచేయకండి, పరువు పోతుంది.

అసలు బంగారు గని పర్యావరణ అనుమతి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అది ఉండాలి. మాల్, టవరు కలిసిన ప్రాజెక్టు ఏదైనా ఆ లెక్క సులువుగా దాటుతుంది. ఇలాంటి భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు కాబట్టి మనల్ని ఎవరూ అడగరు. అది అన్యాయమే. కానీ అనుమతి పత్రం మాత్రం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో అందరికీ కనిపిస్తుంది. దుమ్ము, జనరేటర్లు, మురుగు శుద్ధి, ట్రాఫిక్ అన్నింటి మీదా షరతులు నంబర్లు వేసి ఉంటాయి. ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి బిల్డర్ ఆ షరతులు పాటిస్తున్నట్టు నివేదిక ఇవ్వాలి. ఆ పత్రాన్ని ప్రింట్ తీసి, మనకు సంబంధించిన షరతుల పక్కన పెన్నుతో టిక్కులు పెట్టుకోండి. ఇకపై రాసే ప్రతి ఉత్తరంలో "దుమ్ము వస్తోంది" అని కాకుండా "అనుమతిలోని ఫలానా నంబరు షరతు ఉల్లంఘన" అని రాయవచ్చు. రెండో రకం ఉత్తరానికి జవాబు వస్తుంది.

సైట్ ప్లాన్ చేతికొచ్చాక టవర్ ఎత్తు చూసి గుండెలు బాదుకోవడం ఆపి, కింద చూడండి. సెల్లార్ ర్యాంప్ ఏ వైపు ఉంది? కార్లు బయటికొచ్చే గేటు మన సందులోకా, మెయిన్ రోడ్డు మీదికా? జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కూలింగ్ టవర్లు ఎక్కడ? సరుకు దింపే చోటు ఎవరి కిటికీ కింద? ముప్పై ఏళ్లు మనం బతకాల్సింది వీటితో. పైనున్న అంతస్తులతో కాదు. సెల్లార్ అంచు కూడా టేపు పెట్టినట్టు చూసుకోవాలి. 2012 బిల్డింగ్ రూల్స్‌, అంటే జీవో 168 ప్రకారం సెల్లార్ సరిహద్దుకు కొంత దూరం లోపల ఉండాలి. సెల్లార్ ఒక్కొక్కటి పెరిగేకొద్దీ ఇంకో 0.5 మీటరు వదలాలి.

తవ్వకానికి ముందు గోడల ఫోటోలు

ఈ ఒక్క పని సరిగ్గా చేసుకుంటే మిగతావి సగం చేసినా గట్టెక్కుతారు.

పాత అపార్ట్‌మెంట్ గోడల్లో పగుళ్లు ఉండనే ఉంటాయి. రేపు కొత్త పగులు చూపిస్తే అవతలి ఇంజనీర్ అనే మొదటి మాట, "ఇది పాతదే కదా మేడమ్". దానికి జవాబు తవ్వకానికి ముందు తీసిన ఫోటో ఒక్కటే. మా దగ్గర ఇలా చేశాం. ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచాం. ఖర్చు బిల్డరే పెట్టుకోవాలని అడిగాం, ఇంజనీర్‌ను మాత్రం మేమే ఎంచుకున్నాం. వాళ్ల మనిషి ఒకరు, మా మనిషి ఒకరు వెంట ఉండగా ప్రతి ఫ్లాటూ తిరిగారు. కిటికీ మూలలు, బీమ్‌కూ గోడకూ కలిసే చోటు, బాత్రూమ్ టైల్స్, బాల్కనీ కింది భాగం, మెట్ల ల్యాండింగ్, సంపు లోపలి గోడ, పైట్యాంకు కాళ్లు, పిట్టగోడ, లిఫ్టు గుంత, ప్రహరీ మొత్తం.

పగులు కనిపిస్తే రెండు ఫోటోలు. ఒకటి దూరం నుంచి, గది ఏదో తెలిసేలా. రెండోది దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. పగులు ఎక్కడ ఆగిందో ఆ రెండు చివర్లలో పెన్సిల్‌తో చిన్న అడ్డగీత గీసి తేదీ వేయాలి. తర్వాత పగులు ఆ గీత దాటిందంటే ఇక వాదన ఉండదు. మా రెండో అంతస్తు మామ్మగారు మొదట ఒప్పుకోలేదు. "కొత్తగా రంగులేయించుకున్న గోడ మీద గీతలేంటమ్మా" అన్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి గీత చూసొచ్చేది ఆవిడే. అనుమానం ఉన్న పగుళ్లకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివర్లా అతికించారు. గోడ ఏమాత్రం కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. ఖర్చు తక్కువ, సాక్ష్యం గట్టిది.

పగులు లేని గోడలకు కూడా ఫోటో తీయాలి. చాలామంది దీన్నే వదిలేస్తారు. "ఇక్కడ పగులు లేదు" అనడానికీ సాక్ష్యం కావాలి కదా. తాళం వేసి అమెరికాలో ఉన్న ఓనర్ల ఫ్లాట్లను కూడా వదలకండి. వాళ్ల బంధువులెవరినైనా పిలిపించి తాళం తీయించండి. ప్రహరీ నిటారుగా ఉందో లేదో దారానికి గుండు కట్టి వేలాడదీసి, పైన ఎంత, కింద ఎంత దూరం ఉందో కొలిచి గోడ మీదే రాసిపెట్టాలి. తవ్వకంలో మొదట ఒరిగేది ప్రహరీయే.

చివరికి మొత్తం రిపోర్టు ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. బిల్డర్ మనిషి సంతకం చేయనంటే, అదే రిపోర్టును స్పీడ్ పోస్టులో వాళ్ల ఆఫీసుకు పంపి రసీదు దాచుకోండి.

ఒప్పందం

ఈ దశలో బిల్డర్ తరఫున మంచిగా మాట్లాడే ఒకాయన వస్తాడు. స్వీట్ బాక్సు తెస్తాడు. "మీ ప్రహరీ కొత్తగా కట్టిస్తాం, లాబీకి రంగులేయిస్తాం, చిన్న ఎన్‌ఓసీ ఇవ్వండి చాలు" అంటాడు. ఎన్‌ఓసీ అనే మాట ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. రంగు రెండేళ్లకు వెలిసిపోతుంది, "అభ్యంతరం లేదు" అన్న మాట మాత్రం కోర్టు దాకా మన వెంట వస్తుంది. ఎన్‌ఓసీకి బదులు స్టాంపు పేపరు మీద ఇద్దరికీ బాధ్యతలు ఉండే ఒప్పందం రాసుకుందాం అనండి.

అందులో మేము పట్టుబట్టినవి చెప్తాను. నష్టం జరిగితే ఎవరి ఇంజనీర్ అంచనా వేస్తాడు, ఎన్ని రోజుల్లో రిపేరు చేయాలి. రిపేరు రెండుసార్లు: ప్రమాదం అనిపించేవి వెంటనే, మిగతావి సెల్లార్ స్లాబులన్నీ పడ్డాక. మధ్యలో పూత పూస్తే మళ్లీ పగులుతుంది. ఆ రిపేర్లకు కొంత డబ్బు ముందే డిపాజిట్. సైటులో మాట్లాడటానికి ఒక పేరు, ఒక నంబరు, మారితే రాతపూర్వకంగా తెలపడం.

మామూలు మనుషులకు తట్టనివి రెండున్నాయి. మొదటిది రాక్ యాంకర్లు. లోతైన గుంత గోడ కూలకుండా ఉండటానికి ఇనుప కడ్డీలను పక్కకు, భూమిలోకి దిగ్గొడతారు. అవి మన స్థలం కిందికి వస్తాయి. పైకి ఏమీ కనిపించదు. రేపు మనం కొత్త బోరు వేసినా, స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇచ్చినా అడ్డం పడతాయి. షోరింగ్ డ్రాయింగు, అంటే గుంత గోడను నిలబెట్టే ఏర్పాటు ప్లాను అడిగి, యాంకర్లు సరిహద్దు దాటుతున్నాయా చూడండి. దాటితే మన రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదు. దానికి ధర అడగడం మన హక్కు, మొహమాటపడకండి. నిజం చెప్పాలంటే బిల్డర్‌కు మన సంతకం గట్టిగా కావాల్సింది ఇక్కడే.

రెండోది టవర్ క్రేన్. దాని పొడుగు చెయ్యి తిరిగేటప్పుడు మన టెర్రస్ మీదుగా పోతుంది. పని లేనప్పుడు గాలివాటుకు స్వేచ్ఛగా తిరగనివ్వాలి, అది భద్రత కోసమే. ఆపమని అడగకూడదు. లోడు వేలాడుతుండగా మాత్రం మన భవనం మీదుగా తిప్పకూడదని రాయించండి. మా టెర్రస్ మీద ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే పైనుంచి ఇనుప చువ్వల కట్ట ఒకటి నెమ్మదిగా దాటుకుంటూ పోయింది. ఒప్పందం చేతిలో ఉంది కాబట్టి ఆ సాయంత్రానికల్లా క్రేన్ ఆపరేటర్‌కు హద్దులు పెట్టించగలిగాం.

బండ పగలగొట్టే రోజులు

హైదరాబాద్ నేల సంగతి తెలిసిందే. రెండు మీటర్లు మట్టి, కింద గ్రానైట్. నాలుగు సెల్లార్లు దిగాలంటే బండ పగలాల్సిందే. బ్రేకర్లతో కొడతారు, రసాయన పొడి పోసి ఉబ్బించి చీలుస్తారు, డైమండ్ వైర్‌తో కోస్తారు, లేదా పేలుస్తారు. పేల్చడం చవక, త్వరగా అవుతుంది. అందుకే అందరి కన్నూ దాని మీదే. పక్కన నివాసాలు ఉన్నప్పుడు సరిహద్దు దగ్గర పది పన్నెండు మీటర్ల మేర పేలుడు వద్దు, కోత లేదా రసాయన పద్ధతి వాడాలని అడగండి. మా దగ్గర బేరమాడి ఆ మేరకు ఒప్పించాం.

బ్లాస్టింగ్‌కు పోలీసు అనుమతి కావాలి, లైసెన్స్ ఉన్న మనిషి చేయాలి. అనుమతి కాపీ అడగండి. పేల్చే వేళలు ముందే చెప్పాలి, సైరన్ మోగించాలి, గుంతల మీద రబ్బరు మ్యాట్లు, ఇసుక మూటలు కప్పాలి. కంపనాన్ని కొలిచే యంత్రం ఒకటి మన సెల్లార్‌లోనే పెట్టించుకోండి. గనుల భద్రతా విభాగం 1997 సర్క్యులర్‌లో ఇటుక సిమెంటు ఇళ్లకు ఇచ్చిన హద్దు, కంపనం వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు. అది 8 హెర్ట్‌జ్ లోపు కంపనానికి. 8 నుంచి 25 హెర్ట్‌జ్ దాకా 10, ఆపైన 15. అది గనుల కోసం రాసిందే అయినా, ఒప్పందంలో ఒక అంకె ఉండాలి కాబట్టి దాన్నే పెట్టమనండి. "మెల్లగా పేలుస్తాం" అన్న మాటను ఏ యంత్రమూ కొలవలేదు.

పేలుడు వేళకు ఇళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు, కుక్కలు బెదిరిపోతాయి. వేళ ముందే గ్రూపులో పెడితే టెన్షన్ సగం తగ్గుతుంది. మూడో అంతస్తులో ఆపరేషన్ అయి పడుకున్న ఒక పెద్దాయన కోసం వారం రోజులు మధ్యాహ్నం పూట మాత్రమే చేయమని అడిగితే సైట్ ఇంజనీర్ ఒప్పుకున్నాడు. అడిగి చూడండి, సైటులో పని చేసేవాళ్లు కూడా మనుషులే.

కూలీల గురించి కూడా ఒక మాట. బిహార్, ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు. మా వాళ్లలో కొందరు "ఆ జనం మన సందులో తిరుగుతున్నారు" అని గొణిగారు. సందులో మూత్రం పోస్తున్నారంటే సైటులో మరుగుదొడ్లు చాలలేదని అర్థం. అవి కట్టించాల్సిన బాధ్యత చట్టం ప్రకారం యజమానిది. ఫిర్యాదు ఆయన మీద రాయండి.

రాత్రి మోత, దుమ్ము

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. నివాస ప్రాంతంలో ఆ వేళల్లో మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని స్పష్టంగా ఉంది. నివాస ప్రాంతానికి హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. కమర్షియల్ జోన్‌లో 65, 55. ఇక్కడే బిల్డర్ల లాయర్లు మెలిక పెడతారు, "ఇది కమర్షియల్ యూజ్ జోన్" అని. మాస్టర్ ప్లాన్‌లో మన స్థలం ఏ రంగులో ఉందో ముందే చూసి పెట్టుకోండి. మనది రెసిడెన్షియల్ అయితే ఆ కాగితం ఫిర్యాదుకు జత చేయండి.

ఆచరణలో చిక్కేమిటంటే, పగలు పెద్ద లారీలకు నగరంలో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి మట్టి లారీలు, కాంక్రీటు మిక్సర్లు రాత్రే తిరుగుతాయి. స్లాబు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపితే కాంక్రీటు పాడవుతుంది. ప్రతి రాత్రీ యుద్ధం చేసే కన్నా, స్లాబు రోజులు నెలకు ఇన్ని అని ఒప్పుకుని, వాటిని ముందే చెప్పించుకుని, మిగతా రాత్రులు గట్టిగా పట్టుకోవడం మేలు. లారీ వెనక తలుపు ధడేల్మని కొట్టడం, రివర్స్ హారన్, మన గేటు ముందు ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం లాంటివి మాత్రం అడిగితే ఆగుతాయి. ఒక ఫ్లాగ్‌మన్‌ను పెట్టించండి.

హద్దు దాటితే రాత్రే 112కు ఫోన్ చేయాలి. పొద్దున చేస్తే లాభం లేదు. పెట్రోలింగ్ వాళ్లు వచ్చి చూసినట్టు రికార్డవుతుంది. తర్వాత పోలీస్ స్టేషన్‌కూ, కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా పంపండి. ఫోన్ యాప్‌లో వచ్చే డెసిబెల్ అంకె సాక్ష్యంగా నిలవదు. అయినా రాసుకోండి, అధికారిని కొలవడానికి రప్పించాలంటే పనికొస్తుంది. ఒక మామూలు నోట్‌బుక్కులో తేదీ, టైము, ఏం జరిగింది, ఎవరికి చెప్పాం, ఏమన్నారు అని వాచ్‌మన్‌తో రాయించండి. మా వాచ్‌మన్ రాసిన పుస్తకం చూసి సర్కిల్ ఆఫీసులో ఒకాయన "ఇంత పద్ధతిగా ఎవరు రాశారండీ" అని అడిగాడు.

దుమ్ముకు 2018 జనవరిలో వచ్చిన కేంద్ర నిబంధనలు బాగా పనికొస్తాయి. పర్యావరణ అనుమతి అవసరమైన ప్రాజెక్టులకు గాలి అడ్డుతెర ఉండాలి. భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్లు. మట్టి, ఇసుక కప్పి ఉంచాలి, నీళ్లు చల్లాలి, సైటు లోపలి దారులు గట్టి రోడ్లుగా ఉండాలి, ఈ ఏర్పాట్ల బోర్డు అందరికీ కనిపించాలి. చాలా సైట్లలో పచ్చ గుడ్డ ఒకటి కట్టి వదిలేస్తారు. మన ఇళ్లలో ఏసీ ఫిల్టర్లు తరచుగా కడుక్కోండి, సైటు వైపు సంపు మూతకు రబ్బరు అంచు వేయించండి.

బోరు

లోతుగా తవ్వితే చుట్టుపక్కల నీరంతా ఆ గుంతలోకి జారుతుంది. వాళ్లు పగలూ రాత్రీ తోడి నాలాలో పోస్తారు. మన బోరు తగ్గిపోతుంది, ట్యాంకర్ల బిల్లు మెయింటెనెన్స్ మీద పడుతుంది. దీనికీ ముందు కొలతే దిక్కు. తవ్వకానికి ముందు బోరులో నీటి మట్టం ఎంత లోతులో ఉందో, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండటానికి మోటారు ఎంతసేపు నడుస్తుందో వారానికోసారి రాసుకోండి. ఎండాకాలం ఒకటి రికార్డులో ఉంటే ఇంకా మంచిది. లేకపోతే "ఎండాకాలం కదా మేడమ్, అందరి బోర్లూ ఎండాయి" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉండబట్టే తేల్చడం కష్టం.

వాళ్లు తోడే నీటిని టెస్టు చేయించి, మన ఇంకుడు గుంతలోకి పైపు వేయమని అడగండి. వాళ్లకు పారబోసే చోటు దొరుకుతుంది, మన బోరుకు కాస్త ఊపిరి. సిమెంటు నీళ్లు కలుస్తుంటే మాత్రం వద్దు.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు

ఇది రెండో పట్టు. మన రూల్స్ ప్రకారం బిల్డర్ కట్టిన దాంట్లో 10 శాతం విస్తీర్ణాన్ని అనుమతి ఇచ్చిన సంస్థ పేరిట తనఖా పెట్టి ఉంచుతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తేనే అది విడుదలవుతుంది. ఆ సర్టిఫికెట్ ఆలస్యమైతే ఆయనకు రోజూ నష్టమే. పై అంతస్తులకు అద్దాలు బిగిస్తున్నారంటే ఆ సమయం దగ్గరపడినట్టు.

అప్పుడు మొదటి రిపోర్టు తీసి, అదే ఇంజనీర్‌తో మళ్లీ ఫ్లాట్లన్నీ తిరిగించండి. కొత్త పగుళ్లు, పెరిగిన పగుళ్లు జాబితా చేసి, ఖర్చు అంచనాతో బిల్డర్‌కు, కాపీ టౌన్ ప్లానింగ్‌కు పంపండి. ప్లాన్‌లో ఒకచోట, వాస్తవంగా ఇంకోచోట ఉన్నవాటిని ఫోటోలతో చూపించండి. మా పక్క ప్లాన్‌లో జనరేటర్లు పడమర మూల, అంటే మా గోడ వైపే ఉన్నాయి. వాటికి శబ్దం ఆపే గది, పొగ గొట్టం ఎత్తు అనుమతి షరతుల్లో ఉన్నాయి. ఆ రెండూ పూర్తయ్యేదాకా మా ఉత్తరాలు ఆగలేదు.

కోర్టు మాటకొస్తే, పగుళ్లు ప్రమాదకరంగా ఉన్నా, సరిహద్దు దాటి వచ్చినా తప్ప నేను ముందుగా ఆ దారి చెప్పను. పెద్ద బిల్డర్లు మనం కోర్టుకెళ్లకముందే కేవియట్ (మమ్మల్ని వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే అర్జీ) వేసి కూర్చుంటారు. వాళ్ల మాట వినకుండా స్టే రాదు. అంతకన్నా గోడ కూలేలా ఉందనుకున్నప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 152 సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ దగ్గరికి వెళ్లడం త్వరగా తేలుతుంది. లాయర్‌ను అడిగి చేయండి.

మాల్ తెరిచాక

అప్పటికి బిల్డర్ మనుషులు వెళ్లిపోయి మాల్ నడిపే కంపెనీ వస్తుంది. వాళ్లకు మన ఒప్పందం సంగతే తెలియదు. అందుకే మొదట్లోనే "తదుపరి యజమానులకు, నిర్వాహకులకు కూడా ఇది వర్తిస్తుంది" అనే వాక్యం రాయించుకోవాలి. కొత్త మేనేజర్ వచ్చిన ప్రతిసారీ కాపీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సరుకు లారీలు ఏ వేళల్లో రావాలి, ఫుడ్‌కోర్టు వంట పొగ ఏ వైపు వదలాలి, ఎల్‌ఈడీ హోర్డింగ్ రాత్రి ఎన్నింటికి ఆర్పాలి, క్యాబులు మన గేటు ముందు ఆగకుండా ఎక్కడ నిలబడాలి. ఈ నాలుగూ ఆ కాపీకి జత చేసిన ఒక పేజీలో ఉండాలి. పండగ సేల్స్ మొదలయ్యే ముందు వారం ఆ పేజీ పట్టుకుని ఒకసారి వెళ్లి కలిసి రండి. దసరాకు ముందు కలిస్తే దీపావళి దాకా సరిపోతుంది.